పిల్లర్ చాటున మనిషి

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, జూన్ నెలలో, మా బస్సుల తయారీ సంస్థ నన్ను ప్రధాన కార్యాలయం నుంచి ఇబ్రహీంపట్నం దగ్గరున్న పరిశోధన కేంద్రానికి బదిలీ చేసింది. హోదా డిప్యూటీ జనరల్ మేనేజర్, విభాగం డ్రైవర్ మదింపు. పదవీ విరమణకు ఇంకా కొద్ది ఏళ్లే ఉన్నాయి. మా అమ్మగారిది యాచారం వైపు ఊరు కాబట్టి ఆ బదిలీ నాకు కష్టమనిపించలేదు. మీర్‌పేట్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని రోజూ కంపెనీ బస్సులో వెళ్లేదాన్ని. బొంగులూరు గేటు దగ్గర ఆదిభట్ల కంపెనీలకు వెళ్లే బస్సులన్నీ పక్కకు మళ్లిపోయేవి. మా బస్సు సాగర్ రోడ్డు మీద నేరుగా ముందుకు సాగేది.

డ్రైవర్ మదింపు అనగానే మేం డ్రైవర్లకు మార్కులు వేస్తామని చాలామంది అనుకుంటారు. నిజానికి డ్రైవర్ల చేత బండికి మార్కులు వేయించడం మా పని. కొత్త బస్సు తయారు కాకముందే, దాని క్యాబిన్ ఎలా ఉంటుందో అలా ఒక నమూనా కట్టి, అందులో అసలైన డ్రైవర్లను కూర్చోబెట్టి నడిపిస్తాం. ఆ నమూనాను మా భాషలో బక్ అంటారు. దానికి ఇంజను, చక్రాలు ఉండవు. సీటు, స్టీరింగ్, పెడళ్లు ఉంటాయి. ఆరు హైడ్రాలిక్ కాళ్ల వేదిక మీద దాన్ని నిలబెడితే బ్రేకు వేసినప్పుడు ముందుకు వాలుతుంది, మలుపులో ఒరుగుతుంది. చుట్టూ వంపు తిరిగిన తెర మీద రోడ్డు కదులుతుంది. దీన్ని సిమ్యులేటర్ అంటారు.

నేను చేరేనాటికి దీనికి తోడు ఎక్స్‌ఆర్ హెడ్‌సెట్లు కూడా వచ్చాయి. అవి కళ్లకు పెట్టుకుంటే డ్రైవర్‌కు తన చేతులు, తను పట్టుకున్న స్టీరింగ్ నిజంగా ఉన్నవే కనిపిస్తాయి. వాటి చుట్టూ ఉన్న అద్దం, అంచులు, బయటి రోడ్డు మాత్రం కంప్యూటర్ గీసినవి. దీనివల్ల ఒక పెద్ద వెసులుబాటు కలిగింది. ఇదివరకు క్యాబిన్‌లో ఒక కమ్మీ మందం మార్చి చూడాలంటే ఇనుము కోసి, వెల్డింగ్ చేసి, రంగు వేసి, నెలలు ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు కంప్యూటర్‌లో మారిస్తే చాలు, డ్రైవర్ తల తిప్పేలోగా కొత్త కమ్మీ వచ్చి కూర్చుంటుంది. డ్రైవర్ ఎక్కడ చూస్తున్నాడో కూడా ఆ హెడ్‌సెట్ పసిగడుతుంది. కంట్రోల్ రూమ్‌లో మా తెర మీద అతని చూపు ఒక పచ్చ చుక్కలా కదులుతుంటుంది.

అప్పట్లో నాకు అప్పగించిన పని ఒక కొత్త ఎలక్ట్రిక్ బస్సుది. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను తీసుకురావడానికి వాడే రకం. అందులో తేలాల్సిన విషయం ఒకటుంది. ముందు అద్దానికి అటూ ఇటూ పైకప్పును మోసే నిలువు స్తంభాలుంటాయి. అందరూ పిల్లర్ అనే అంటారు. డ్రైవర్‌కు దగ్గరగా ఉండేది కుడి పిల్లర్ కాబట్టి అతని చూపుకు ఎక్కువ అడ్డం వచ్చేది అదే. అది సన్నగా ఉంటే రోడ్డు బాగా కనిపిస్తుంది. లావుగా ఉంటే, బస్సు బోల్తా పడినప్పుడు పైకప్పు కూలకుండా లోపలివాళ్లను కాపాడుతుంది. మా పాత బస్సు పిల్లర్ లావైనదే. నిబంధనల ప్రకారం తప్పేమీ లేదు, అన్ని పరీక్షలూ నెగ్గింది. అదే పిల్లర్‌ను కొత్త బస్సులోనూ ఉంచాలా, ఆకారం మార్చాలా అన్నది మా విభాగం తేల్చాలి. మార్చితే అచ్చులన్నీ మళ్లీ చేయించాలి, బోల్తా పరీక్ష మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. అందుకని డిజైన్ విభాగం మార్పుకు సుముఖంగా లేదు.

మదింపు కోసం చుట్టుపక్కల బస్సులు నడిపేవాళ్లలో ఇష్టపడి వచ్చినవాళ్లను ఎంచుకున్నాం. పొడుగువాళ్లు, పొట్టివాళ్లు, కొత్తవాళ్లు, తల నెరిసినవాళ్లు అందరూ ఉండేలా చూశాం. ఈ జట్టును ప్యానెల్ అంటారు. వాళ్లు నడిపే రోడ్డును, దాని మీద ఎదురయ్యే సంఘటనలను తయారు చేసేది సీనారియో ఇంజినీరు. మా కేంద్రంలో ఆ పని స్వప్నది. ముప్పై దాటని అమ్మాయి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. డ్రైవర్లకు అలవాటైన దారి అయితే సహజంగా నడుపుతారని సాగర్ రోడ్డులో కొంత భాగాన్ని కెమెరాలతో కొలిచి, ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అందులో ఒక చోట డ్రైవర్ పెద్ద రోడ్డు నుంచి కుడివైపు ఊరి దారిలోకి తిరగాలి. తిరుగుతున్నప్పుడు ఆ దారికి అడ్డంగా ఒక మనిషి నడిచి వస్తుంది. ఆమెను డ్రైవర్ ఎప్పుడు గమనించాడో మేం కొలుస్తాం.

జంగయ్య ఆ ప్యానెల్‌లో సభ్యుడిగా వచ్చాడు. వయసు నలభై ఐదు ప్రాంతం. ఇబ్రహీంపట్నం పక్క పల్లె. మీర్‌పేట్ కాలనీల నుంచి ఆదిభట్లకు ఉద్యోగుల బస్సు నడుపుతాడు. బస్సు మాది కాదు గానీ తయారీ మాదే, ఆ లావు పిల్లర్ మోడలే. వచ్చినవాళ్లకు ముందుగా అన్నీ విడమరిచి చెప్పడం మా పద్ధతి. కడుపులో తిప్పినట్టయినా, తల తిరిగినా వెంటనే చెప్పాలి. సీటు పక్కన ఎర్ర బటన్ నొక్కితే అంతా ఆగిపోతుంది. కారణం అడగం. జంగయ్య అన్నీ శ్రద్ధగా విన్నాడు. సీటు ఎత్తు సరిచేసుకుని, లేని సీటు బెల్టు కోసం భుజం దగ్గర తడుముకుని నవ్వాడు. తిన్నని రోడ్డు మీద అతని డ్రైవింగ్ చూడముచ్చటగా ఉంది. గుంత వస్తే వేగం తగ్గించిన తీరు చూసి, వెనక జనం ఉన్నారనే అనుకుంటున్నాడని స్వప్న అంది.

కుడి మలుపు వచ్చింది. ఎదురుగా వచ్చే లారీల కోసం ఆగాడు. లారీలు వెళ్లిపోయాయి, దారి ఖాళీ అయింది. బస్సు కదల్లేదు. మా తెర మీద బ్రేకు పెడల్ గుర్తు చివరిదాకా నొక్కి ఉంది. స్వప్న మైకులో నెమ్మదిగా చెప్పింది.

"దారి ఖాళీగనే ఉన్నది అన్నా. తిప్పుకోవచ్చు."

"మనిషున్నది," అన్నాడు జంగయ్య.

మాకు పైనుంచి రోడ్డంతా కనిపించే తెర ఇంకొకటుంది. అందులో ఎవరూ లేరు. నడిచే మనిషి బొమ్మ బస్సు కదిలాక గానీ బయల్దేరదు.

"ఎవ్వలు లేరన్నా."

"ఉన్నది. నాకు కనవడ్తలేదు గని, ఉన్నది."

ఆ గొంతు విని నేను ఆపేయమన్నాను. మేం వెళ్లి హెడ్‌సెట్ తీసేసరికి అతని చొక్కా తడిసిపోయి ఉంది. రెండు చేతులూ స్టీరింగ్‌ను వదల్లేదు.

విశ్రాంతి గదిలో నీళ్లు తాగాక తనే చెప్పాడు. కరోనాకు ముందు, సరిగ్గా అదే మలుపులో, అతని బస్సు ఒక స్త్రీని గుద్దింది. పేరు ఆండాలు. ఆదిభట్లలో ఒక కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేసేది. డ్యూటీకి పోవడానికి రోడ్డు దాటుతోంది. ప్రాణం దక్కింది, కుడి కాలు దక్కలేదన్నంత పనైంది. చాలా నెలలు దవాఖానలో ఉంది. తొడలో రాడ్లు వేశారు. నిలబడి చేసే ఆ పని పోయింది. కేసు నడిచి ముగిసింది. జంగయ్య లైసెన్సు కొంతకాలం ఆపేశారు, తర్వాత తిరిగిచ్చారు. మళ్లీ అదే రోడ్డు మీద, అదే రకం బస్సు నడుపుతున్నాడు. ఆ మలుపు మాత్రం తీసుకోడు. ముందుకు పోయి, యూటర్న్ తీసుకుని, ఎడమవైపు నుంచి ఊరి దారిలోకి వస్తాడు. బస్సులో కూర్చునేవాళ్లు ఎందుకన్నా అని అడిగితే ట్రాఫిక్ అని చెబుతాడట.

మా నియమాల ప్రకారం ఆ సెషన్ చెల్లదు, ఆ డ్రైవర్‌ను ప్యానెల్ నుంచి తప్పించాలి. అలాగే చేశాం. అర్హతల కోసం అడిగే ప్రశ్నల్లో కంటిచూపు, తలతిరుగుడు ఉన్నాయి గానీ పాత ప్రమాదాల ఊసు లేదు. ఆ ప్రశ్నను మర్నాడే చేర్పించాను. ఇంటికి ఒంటరిగా పంపొద్దని మా వ్యాన్‌లో దింపించాం. అంతటితో అయిపోయిందనుకున్నాను.

వారం తిరక్కుండానే జంగయ్య గేటు దగ్గరికి వచ్చి నా కోసం అడిగాడు. నేను బయటికి వెళ్లాను. మళ్లీ కూర్చోబెట్టమన్నాడు. ప్యానెల్‌లో కాదు, ఊరికే. ఎందుకని అడిగాను.

"నేను సూడలేదా, నాకు కనవడలేదా? గదొక్కటి తెలువాలె మేడం. పోలీసోళ్లు సూడలేదన్నరు. కోర్టుల గదే అన్నరు. ఆమె నేను సూసినన్నది, సూసి గూడ తిప్పినన్నది. నేను సూసిన మేడం. తల తిప్పి సూసిన. ఆడ ఎవ్వలు లేరు. మరి ఆమె ఏడికెల్లి వచ్చింది?"

నేను వెంటనే ఒప్పుకోలేదు. మా సిమ్యులేటర్ బండిని మదింపు చేయడానికి ఉంది, మనుషుల పాత ప్రశ్నలు తేల్చడానికి కాదు. భయపడిన మనిషిని అదే భయంలో మళ్లీ కూర్చోబెట్టే అర్హత మాకు లేదు, మేం వైద్యులం కాదు. అదే చెప్పాను. విని, సరే మేడం అని వెళ్లిపోయాడు.

అయితే ఆ మాటలు నాతోపాటు గేటు దాకా వచ్చిన స్వప్న కూడా విన్నది. సాయంత్రం నా గదికి వచ్చి ఒక విషయం చెప్పింది. అప్పటిదాకా ప్యానెల్ ఇచ్చిన ఫలితాల్లో లావు పిల్లర్‌కు, సన్న పిల్లర్‌కు తేడా దాదాపు లేదు. డిజైన్ విభాగం దానికి సంతోషంగా ఉంది. స్వప్నకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. మా సీనారియోలో నడిచే మనిషి ఎప్పుడూ ఒకే చోట, ఒకే వేగంతో బయల్దేరుతుంది. డ్రైవర్లలో ఒకరు బస్సును తొందరగా తిప్పుతారు, ఒకరు నిదానంగా తిప్పుతారు. కాబట్టి ఎక్కువమందికి ఆమె పిల్లర్‌కు ఇటో అటో పడి కనిపించేస్తుంది. కానీ బస్సు కుడికి తిరిగే వేగం, అదే దిక్కుగా నడిచే మనిషి వేగం ఒకదానికొకటి సరిపోతే ఏమవుతుంది? పిల్లర్ తిరుగుతున్నంతసేపూ మనిషి దాని వెనకే నడుస్తుంటుంది. ఎండలో నడిచేవాడి వెంట గొడుగు నీడ కదిలినట్టు, చాటు కూడా ఆమెతోపాటే కదులుతుంది.

"ఆయన చెప్పింది అదేనేమో మేడం. తల తిప్పిండు, ఆడ ఎవ్వరు లేరు."

మనిషి నడకను బస్సు మలుపుకు ముడివేసి సీనారియోను మళ్లీ రాయమన్నాను. ఆమె రాసింది. జంగయ్యను కూర్చోబెట్టకుండానే, అతని మొదటి సెషన్‌లో నమోదైన సీటు ఎత్తు, కళ్ల స్థానం తీసుకుని, ఆ కళ్ల నుంచి మలుపు ఎలా ఉంటుందో తెర మీద చూశాం. మలుపు మొదలైనప్పటి నుంచి దాదాపు చివరిదాకా ఆ మనిషి లేదు. పిల్లర్, దానికి తగిలించిన సైడ్ అద్దం కమ్మీ కలిసి ఆమెను పూర్తిగా కప్పేశాయి. కనిపించేసరికి బస్సు ముందు మూల ఆమె మీదే ఉంది. అదే చోట సన్న పిల్లర్ పెడితే ఆమె మొదట్లోనే బయటపడింది.

ఇంకొకటి కూడా చూశాం. లావు పిల్లర్‌తోనే, డ్రైవర్ ఒక్కసారి ముందుకు వంగి కుడివైపు తొంగిచూస్తే ఆమె కనిపిస్తుంది. శిక్షణలో ఆ మాట చెబుతారు. కొందరికి అలవాటవుతుంది, చాలామందికి కాదు.

జంగయ్యను పిలిపించాను. హెడ్‌సెట్ పెట్టలేదు. మామూలు తెర మీద, బస్సు ఆమెను చేరకముందే ఆపేసి, లావు పిల్లర్‌తో, సన్న పిల్లర్‌తో రెండూ చూపించాను. అతని బస్సు పిల్లర్‌తో, మామూలుగా కూర్చుంటే ఆమె కనిపించే అవకాశం లేదని చెప్పాను. అతను మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. అక్కడితో ఆపేయాలని నాకూ అనిపించింది. కానీ అతను అడిగింది అంతవరకే కాదు.

"వంగి సూస్తే?"

"వంగి చూస్తే కనిపించేది జంగయ్యా," అన్నాను.

"నేను వంగలే," అన్నాడు. లేచి నిలబడ్డాక ఒకటే కోరాడు. ఇది ఆండాలుకు చూపించమన్నాడు. రెండుసార్లు వాళ్లింటికి పోతే గడప దాటనివ్వలేదట. తను చెబితే నమ్మదని, మీరు చూపిస్తే చూస్తుందని అన్నాడు.

"మాఫ్ చెయ్యమని కాదు మేడం. నేను సూసి గుద్దిననుకుంటున్నది ఆమె. ఆ మాట మోస్కొని బతుకుతున్నది. నేను గూడ."

ఇది నా అధికారంలో లేని విషయం. కేంద్రాధిపతి వాసుదేవరావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కఠినుడు కాదు, జాగ్రత్తపరుడు. ఆయన అభ్యంతరాలు రెండు. విడుదల కాని బండి క్యాబిన్‌ను బయటివాళ్లకు చూపకూడదు. అంతకంటే పెద్దది, పాత బస్సులు వేలకొద్దీ రోడ్డు మీద ఉన్నాయి. మా పిల్లర్ వెనక మనిషి మాయమవుతుందని మేమే పిలిచి చూపిస్తే, రేపు అది సంస్థ మీదికి రావచ్చు. న్యాయ విభాగం ఒప్పుకోదన్నారు.

కొత్త క్యాబిన్ చూపించనక్కర్లేదని, పాతదే చూపిస్తామని చెప్పాను. రెండో దానికి, ఈ ఫలితం ఎలాగూ నా నివేదికలో ఉంటుంది, దాచబోనని మాత్రం చెప్పాను. మా మదింపుకు ఇప్పటిదాకా డ్రైవర్లనే పిలిచాం, బస్సు ముందు నడిచేవాళ్లను ఒక్కరినీ పిలవలేదని కూడా అన్నాను. ఆయన ఒకరోజు సమయం తీసుకున్నారు. న్యాయ విభాగంతో ఏం మాట్లాడారో నాకు తెలియదు. మర్నాడు పిలిచి, చూపించమన్నారు. న్యాయ విభాగం అధికారి గదిలో ఉండాలి. ఎవరూ ఫోన్‌లో తీయకూడదు. ఆఖరికి ఒక మాట చేర్చారు.

"ఆమె అడిగినదానికి అబద్ధం చెప్పకండి. అడగనిదానికి వ్యాఖ్యానం చేయకండి."

ఆండాలు దగ్గరికి స్వప్న వెళ్లింది. మొదటిసారి రానంది. రెండోసారి, జంగయ్య తన ఎదుట మాట్లాడకుండా ఉంటేనే వస్తానంది. వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, బక్కగా, చేతికర్ర ఆసరాతో. కుడి కాలు మడవదు. ఇంటి దగ్గర బ్లౌజులు కుడుతుందట. కాలితో తొక్కలేక మిషన్‌కు మోటారు పెట్టించుకుంది. ఆరు కాళ్ల వేదిక ఎక్కడం ఆమెకు కష్టం కాబట్టి నేల మీద ఉండే ఇంకో సీటు సిద్ధం చేశాం. జంగయ్య గది చివర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె అటు చూడలేదు.

ఏం జరుగుతుందో ముందే అంతా చెప్పాను. బస్సు దానంతటదే తిరుగుతుంది, మీరు నడపక్కర్లేదు. బస్సు ఎవరినీ తాకదు, అంతకు ముందే ఆగిపోతుంది. వద్దనిపిస్తే చెయ్యెత్తండి చాలు. ఆమె తలాడించింది. హెడ్‌సెట్ పెట్టగానే ముందు తన చేతులు చూసుకుంది, తర్వాత రోడ్డు.

"మా ఊరి తొవ్వే," అంది.

బస్సు తిరిగింది, ఆగింది. ఎవరైనా కనిపించారా అని స్వప్న అడిగింది. ఎవరూ లేరంది. మళ్లీ పెట్టమంది. రెండోసారి తల అటూ ఇటూ తిప్పి మరీ చూసింది. లేరంది. అప్పుడు స్వప్న పిల్లర్‌ను గాజులా పారదర్శకం చేసి అదే మలుపును మూడోసారి నడిపింది. పిల్లర్ ఉన్నచోట ఒక స్త్రీ బొమ్మ, భుజాన సంచీతో, తన పాటికి తను నడుస్తూ ఉంది.

ఆండాలు రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగించింది. నేను ఆపబోయాను. వద్దన్నట్టు తల ఊపింది.

"ఇంతసేపు ఈన్నే ఉన్నదా?"

"ఈన్నే ఉన్నది," అంది స్వప్న.

"పక్కపొంటే నడుస్తున్నది గద. నాకు కనవడకపాయె."

హెడ్‌సెట్ తీశాక కాసేపు కళ్లు మూసుకుంది. నీళ్లిస్తే తాగలేదు. అప్పుడు నాతో అంది. "నేను సూసిన మేడం. వీడు తల నా దిక్కే తిప్పిండు. సూసిండు గదా, ఆపుతడనుకొని అడుగేసిన."

ఎదురుగా వచ్చే బండ్ల కోసం డ్రైవర్ కుడివైపే చూస్తాడని, బయట నిలబడినవాళ్లకు అది తమనే చూసినట్టు అనిపిస్తుందని చెప్పాను. ఆమె వెంటనే ఒక ప్రశ్న వేసింది. వాసుదేవరావు గారు చెప్పిన మాట గుర్తుంది కాబట్టి నేను దానికి సిద్ధంగానే ఉన్నాను.

"ఎట్ల సూసినా కనవడదా ఇగ?"

న్యాయ అధికారి నా వైపు చూశారు. ముందుకు వంగి తొంగిచూస్తే కనిపిస్తుందని చెప్పాను. స్వప్న ఆమెను సీట్లో ముందుకు వంగమని, అది కూడా చూపించింది.

ఆండాలు కర్ర అందుకుని లేచింది. గుమ్మం దాకా నడిచి, గోడ దగ్గరున్న జంగయ్య ముందు ఆగింది. మాట్లాడకూడదని షరతు పెట్టింది ఆమే, తెంచిందీ ఆమే.

"గప్పుడు వంగలే నువ్వు."

"వంగలే చెల్లె."

"గిప్పుడో?"

"పతి మూలకు వంగుతున్న. జనం నవ్వుతరు. ఐనా వంగుతున్న."

"నా కాలైతే రాదు," అంది. "సూసి గుద్దలేదన్నది ఎరుకైంది. నేను రాత్రిళ్లు నిన్ను తిట్టే తిట్టు ఒకటుండె. గదైతే ఇగ తిట్ట. తక్కినై నా ఇష్టం."

జంగయ్య చేతులు జోడించాడు. ఆమె వాటిని చూడనట్టే బయటికి నడిచింది. మా వ్యాన్ ఎక్కుతూ స్వప్నతో, ఆ బొమ్మకు చీర కట్టిన తీరు బాగాలేదని, చెంగు అట్ల వదిలేస్తే ఎవరైనా తట్టుకుని పడతారని చెప్పిందట. స్వప్న దాన్ని నిజంగానే సరిచేసింది.

తర్వాతి పని మామూలుగా సాగింది. ముడివేసిన నడకతో ప్యానెల్‌ను మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టాం. ఈసారి రెండు పిల్లర్ల మధ్య తేడా ఎవరూ కాదనలేనంత స్పష్టంగా వచ్చింది. మొదటి ఫలితాలు ఎందుకు తేడా చూపలేదో కూడా నివేదికలో రాశాం. డిజైన్ విభాగం బోల్తా బలం గురించి వాదించింది, ఆ వాదనలో న్యాయం ఉంది. పిల్లర్‌ను మరీ సన్నం చేయడం కుదరలేదు. చివరికి దాన్ని కొంచెం వెనక్కి జరిపి, లోపలి అంచును వాలుగా కోసి, సైడ్ అద్దం కమ్మీని చూపుకు అడ్డం రాకుండా పైకి ఎత్తారు. బోల్తా పరీక్ష నెగ్గింది. చాటు పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. రోడ్డు మీదున్న పాత బస్సుల పిల్లర్‌ను మార్చలేం. వాటికి అద్దం కమ్మీ ఒక్కటి ఎత్తి బిగించే ఏర్పాటు చేయించారు. అందుకు అనుమతి తెచ్చింది వాసుదేవరావు గారే. దాని గురించి ఆయన ఎక్కడా చెప్పుకోలేదు.

కొన్నాళ్లకు, కంపెనీ బస్సులో వస్తుండగా, ఆ మలుపు దగ్గర మా ముందున్న బస్సు కుడికి తిరగడానికి ఆగింది. డ్రైవర్ సీట్లోంచి ముందుకు వంగి, తొంగిచూసి, తర్వాత తిప్పాడు. అది జంగయ్యేనా, ఇంకెవరైనానా అన్నది నాకు తెలియలేదు. ఆండాలును నేను మళ్లీ కలవలేదు. కలవాలని ప్రయత్నించలేదు కూడా. ఆమె ఆ ఒక్క పనికి వచ్చింది, చూసుకుని వెళ్లింది.

పదవీ విరమణ చేసేదాకా, చూపుకు సంబంధించిన ప్రతి మదింపులోనూ ఒక నియమం పాటించాను. డ్రైవర్ కళ్ల నుంచి చూసే ముందు, మదింపు చేసే ఇంజినీరు బస్సు ముందు నడిచే మనిషి కళ్ల నుంచి ఒకసారి చూడాలి. ఎక్స్‌ఆర్‌తో అది ఒక మీట నొక్కినంత పని. అంతకు ముందు మేం ఎప్పుడూ నొక్కలేదు. నేను నేర్చుకున్న రెండో సంగతి సిమ్యులేటర్ పరిధి గురించి. ఏ సీట్లోంచి ఏది కనిపిస్తుంది, ఎలా కూర్చుంటే కనిపిస్తుంది అన్నది అది కచ్చితంగా చెప్పగలదు. తప్పు ఎవరిదో, ఎంతో అది చెప్పదు. దాన్ని నడిపేవాళ్లు కూడా చెప్పకూడదు. చూపించాల్సింది సగం చూపించి ఒకరికి ఊరట ఇవ్వడం ఆ పనిలో చేయకూడనిది. మొత్తం చూపించాలి. ఆ తర్వాత గదిలో మాట్లాడాల్సింది ఇంజినీర్లు కాదు.